ఫ్లోరా ఫౌంటెనా, హుతాత్మా చౌకా? ఒకే కూడలి, రెండు జ్ఞాపకాలు

ముంబైలో చర్చ్‌గేట్ స్టేషన్ బయటికొచ్చి వీర్ నారిమన్ రోడ్డు వెంట తూర్పుగా పది నిమిషాలు నడిస్తే ఒక పెద్ద కూడలి వస్తుంది. మధ్యలో చెక్కిన రాతి ఫౌంటెన్, దాని కొసన ఒక రోమన్ దేవత. కొద్ది అడుగుల దూరంలో దిమ్మె మీద ఒక రైతు, ఒక కార్మికుడు కలిసి కాగడా ఎత్తి పట్టుకుని నిలబడి ఉంటారు. మ్యాప్‌లో ఒకసారి ఫ్లోరా ఫౌంటెన్ అని, ఇంకోసారి హుతాత్మా చౌక్ అని చూపిస్తుంది. ఊరికి కొత్తవాళ్ళు ఇవి రెండు వేర్వేరు చోట్లు అనుకుంటారు. మొదటిసారి వెళ్ళినప్పుడు నేనూ అలాగే అనుకుని, ఫౌంటెన్ పక్కనే నిలబడి హుతాత్మా చౌక్‌కి దారి అడిగాను. ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు సర్దుకుంటున్న ఆయన తల కూడా ఎత్తకుండా వేలితో నేల చూపించాడు.

బొంబాయితో కూడిన మరాఠీ రాష్ట్రం కోసం జరిగిన ఉద్యమంలో 1955 నవంబర్ 21న ఇక్కడ పోలీసు కాల్పులు జరిగాయి, 1960 మే 1న ఆ రాష్ట్రం వచ్చింది. ఏటా ఆ రెండు తేదీలు వచ్చాయంటే ఈ కూడలి వార్తల్లో ఉంటుంది. నాయకులు వచ్చి దండలు వేస్తారు. ఆ రెండు రోజుల్లో కొన్ని ప్రశ్నలు కూడా తిరిగి లేస్తాయి. ఇక్కడ చనిపోయింది 105 మందా, 106 మందా? అమరుల కూడలి అని పేరు పెట్టాక బ్రిటిష్ కాలపు దేవతను ఎందుకు ఉంచారు? ఇంతకీ అది ఎవరి స్మారకం? వీటికి జవాబులు ఒక్కొక్కటీ చిన్నవే, అన్నీ కలిపి అడిగినప్పుడే చిక్కు పడుతుంది. విడదీసి చూద్దాం.

ముందుగా మాటలు: చౌక్, హుతాత్మ, స్మారకం

చౌక్ అంటే నాలుగు దారులు కలిసే చోటు. మనం హైదరాబాద్‌లో చౌరస్తా అంటాం, విజయవాడలో సర్కిల్ అనో సెంటర్ అనో అంటాం, విశాఖలో జంక్షన్ అంటాం. యూరప్ నగరాల్లో జనం కూర్చోవడానికి, సభ పెట్టుకోవడానికి నిర్మించే 'స్క్వేర్' వేరు, మన చౌక్ వేరు. మన చౌక్ ప్రధానంగా దారి. అందుకే ఇక్కడ ఏ స్మారకం పెట్టినా అది ట్రాఫిక్ మధ్య ద్వీపంలా మిగులుతుంది. ఈ తేడాతో తర్వాత పని పడుతుంది.

హుతాత్మ అనే మరాఠీ మాట మనకు కొత్తగా అనిపించవచ్చు కానీ దాని మూలం పరాయిది కాదు. హోమంలో వేసినది హుతం. ఆహుతి మనం రోజూ వాడే మాటే. తనను తాను ఆహుతి చేసుకున్నవాడు హుతాత్మ. మనం అమరవీరుడు అంటాం. మన మాట చావు లేకపోవడాన్ని చెబుతుంది, వాళ్ళ మాట ఇచ్చేయడాన్ని చెబుతుంది.

ఇక స్మారకం. ఎవరినో, దేన్నో గుర్తు చేయడానికి కట్టింది స్మారకం. ఊరికి అందం కోసం కట్టింది అలంకారం. ఫౌంటెన్ అలంకారం, కాగడా స్మారకం అని తేలిగ్గా చెప్పేయవచ్చు. చాలామంది అలాగే చెబుతారు. కానీ ఫౌంటెన్ కథ అంత సూటిగా లేదు.

పూలదేవత ఇక్కడికి ఎలా వచ్చింది

బొంబాయి ఒకప్పుడు కోట ఊరు. చుట్టూ గోడ, ఆ గోడకు ద్వారాలు. సెయింట్ థామస్ చర్చికి దారి తీసే ద్వారాన్ని చర్చ్ గేట్ అనేవారు. 1860లలో గవర్నర్ బార్టిల్ ఫ్రెర్ హయాంలో, ఊరు పెరగడానికి అడ్డమని కోట గోడలు పడగొట్టారు. గేటూ పోయింది. పేరు మాత్రం నడిచి వెళ్ళి రైల్వే స్టేషన్‌కు అంటుకుంది. రోజూ లక్షలమంది దిగే ఆ స్టేషన్ దగ్గర ఇప్పుడు ఏ గేటూ లేదు. అసలు గేటు ఉన్న చోట నిలిచిందే ఈ ఫౌంటెన్.

కట్టింది 1864లో. ఆ సంవత్సరానికి ఒక అర్థముంది. అమెరికాలో అంతర్యుద్ధం జరుగుతోంది, అక్కడి పత్తి ఇంగ్లండ్‌కు అందడం లేదు, బొంబాయి పత్తికి గిరాకీ పెరిగింది. ఊళ్ళోకి డబ్బు వరదలా వచ్చి పడింది. 1865లో యుద్ధం ముగియగానే ఆ బుడగ పేలి ఎందరో వ్యాపారులు దివాలా తీశారు. ఆ మధ్యలోని నాలుగేళ్ళ సంపద ఎలా ఉండేదో ఈ ఫౌంటెన్‌లో కనిపిస్తుంది. డిజైన్ రిచర్డ్ నార్మన్ షాది, చెక్కింది జేమ్స్ ఫోర్సిత్, వాడింది ఇంగ్లండ్ నుంచి తెప్పించిన పోర్ట్‌లాండ్ రాయి. మొత్తం ఖర్చు 47,000 రూపాయలు. అందులో 20,000 కర్సెట్‌జీ ఫర్దూన్‌జీ పారేఖ్ అనే పార్సీ దాత ఇచ్చాడు, అంటే ఐదింట రెండు వంతుల పైమాటే. పూనుకున్నది పశ్చిమ భారత వ్యవసాయ, ఉద్యాన సంఘం. తోటల సంఘం కాబట్టి పూలదేవత ఫ్లోరా.

తోటల సంఘం రోడ్డు మధ్యలో ఫౌంటెన్ ఎందుకు కట్టింది? ముందు అనుకున్నది ఇక్కడ కాదు. బైకుల్లాలోని విక్టోరియా గార్డెన్స్‌లో పెట్టాలనుకున్నారు. తర్వాత ఈ కూడలికి మారింది. పేరూ అంతే. గోడలు పడగొట్టి ఊరు తెరిచిన ఫ్రెర్ గౌరవార్థం ఆయన పేరే పెట్టాలని తలచారు. జనం నోట మాత్రం అది ఫ్లోరాయే అయింది.

ఇప్పుడు మళ్ళీ అడుగుదాం, ఇది అలంకారమా, స్మారకమా? పుట్టినప్పుడు ఒక గవర్నర్‌కు స్మారకం. పెరిగేసరికి ఎవరి స్మారకమూ కాదు. పైన ఉన్న దేవత కింద ఉన్న మనిషిని మింగేసింది. 1955లో ఇక్కడ తుపాకులు పేలినప్పుడు గాని, ఆ తర్వాత గాని ఈ ఫౌంటెన్ జోలికి పెద్దగా ఎవరూ పోకపోవడానికి కారణం ఈ మరుపేనని నాకు అనిపిస్తుంది.

1955 నవంబర్ 21: కాల్పులకు ముందు కథ

ఈ కథ మద్రాసులో మొదలవుతుంది. 1952 డిసెంబర్‌లో పొట్టి శ్రీరాములు ఆమరణ దీక్షలో ప్రాణం విడిచారు. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. తెలుగువాళ్ళకు ఇచ్చాక మిగతా భాషలవాళ్ళు ఊరుకోరు కదా. కేంద్రం ఫజల్ అలీ అధ్యక్షతన రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ కమిషన్ వేసింది. 1955 సెప్టెంబర్ ఆఖరున వచ్చిన నివేదిక దక్షిణాదిలో భాషా సూత్రానికి చాలావరకు ఒప్పుకుంది. బొంబాయి దగ్గరికొచ్చేసరికి ఆగిపోయింది. మరాఠీ, గుజరాతీ ప్రాంతాలు కలిసి ఒకే ద్విభాషా రాష్ట్రంగా ఉండాలని, విదర్భ విడిగా ఉండాలని చెప్పింది.

పీటముడి బొంబాయి నగరం దగ్గర పడింది. నగరం చుట్టూ ఉన్నది మరాఠీ నేల, మిల్లుల్లో పనిచేసే జనంలో మరాఠీవాళ్ళే ఎక్కువ, కాబట్టి బొంబాయి మహారాష్ట్రదే అన్నది ఒక వాదన. నగర జనాభాలో మరాఠీ మాట్లాడేవాళ్ళు సగానికి తక్కువ, ఊరిని వ్యాపారంతో నిలబెట్టింది గుజరాతీలు, పార్సీలు, ఇంకా ఎందరో, కాబట్టి అది ఏ ఒక్క భాషకూ చెందకుండా విడిగా ఉండాలన్నది రెండో వాదన. రెండింటిలోనూ చెప్పిన లెక్కలు నిజమే. తేడా అంతా ఏ లెక్కను ముందు పెట్టాలన్న దగ్గరే.

నవంబర్‌లో కాంగ్రెస్ అధిష్ఠానం మూడు ముక్కల సూత్రం తెచ్చింది: మహారాష్ట్ర, గుజరాత్, విడిగా బొంబాయి. దాన్ని వ్యతిరేకిస్తూ 21న కార్మికులు పెద్ద ఎత్తున శాసనసభ వైపు కదిలారు. అప్పుడు ముఖ్యమంత్రి మొరార్జీ దేశాయి. ఫ్లోరా ఫౌంటెన్ దగ్గర పోలీసులు అడ్డుకున్నారు, లాఠీలు, ఆపైన కాల్పులు. ఆ రోజు చనిపోయినవారు 15 మంది అని చెబుతారు.

అక్కడితో ఆగలేదు. 1956 జనవరిలో బొంబాయిని కేంద్రపాలితం చేస్తామని నెహ్రూ ప్రకటించగానే ఊరు మళ్ళీ భగ్గుమంది, మళ్ళీ కాల్పులు. ఫిబ్రవరిలో సంయుక్త మహారాష్ట్ర సమితి ఏర్పడింది. కమ్యూనిస్టు డాంగే, సోషలిస్టు ఎస్.ఎం. జోషి, పత్రికల మనిషి ఆచార్య అత్రే, సంఘ సంస్కర్త ప్రబోధంకర్ ఠాక్రే, మామూలుగా ఒక వేదిక మీద కనపడనివాళ్ళంతా ఒక తాటి మీదికొచ్చారు. 1956 నవంబర్ 1న, అంటే మన ఆంధ్రప్రదేశ్ పుట్టిన రోజునే, పెద్ద ద్విభాషా బొంబాయి రాష్ట్రం పుట్టింది. అది నాలుగేళ్ళు కూడా నిలవలేదు. 1960 మే 1న మహారాష్ట్ర, గుజరాత్ విడిపోయాయి, బొంబాయి మహారాష్ట్రకు రాజధాని అయింది. ఆ వెంటనే కూడలికి హుతాత్మా చౌక్ అని పేరు పెట్టారు, ఫౌంటెన్ పక్కన కాగడా విగ్రహం లేచింది.

105, 106, 107: సంఖ్య ఎందుకు నిలకడగా లేదు

అన్నిటికంటే ఎక్కువ గందరగోళం ఇక్కడే. 105 మంది హుతాత్మలు అనే మాట మహారాష్ట్రలో సామెతలా స్థిరపడిపోయింది. కొన్ని చోట్ల 106 అని, ఇంకొన్ని చోట్ల 107 అని వింటాం. కొందరు దీన్ని పట్టుకుని "అసలు లెక్కే సరిగా లేదు" అంటారు.

ముందొక అపోహ తీసేయాలి. ఈ 105 మందీ ఆ ఒక్క రోజున, ఆ ఒక్క కూడలిలో చనిపోయినవాళ్ళు కాదు. అది ఉద్యమం మొత్తానికి చెందిన జాబితా. వేర్వేరు తేదీలు, వేర్వేరు వీధులు, నగరం బయటి ఊళ్ళు కూడా అందులో ఉన్నాయి. అంటే ఈ స్మారకం నిలబడ్డ చోటు ఒక సంఘటనది, దాని మీది పేర్లు ఐదేళ్ళ ఉద్యమానివి.

లెక్క ఎలా మారుతుందో ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం. ఊరేగింపులో పది మందికి తూటాలు తగిలాయి. ఆరుగురు అక్కడికక్కడే పోయారు, ఒకరు నెల తర్వాత ఆస్పత్రిలో పోయారు. ఇంకొకరు ఊరేగింపులో లేరు, పాల కోసం బయటికొచ్చి చిక్కుకుని చనిపోయారు. పోలీసు రికార్డు ఆరు అంటుంది. ఆస్పత్రిలో పోయిన మనిషిని కలుపుకుంటే ఏడు. పాలకు వచ్చిన మనిషినీ అమరుడిగా లెక్కిస్తే ఎనిమిది. ఇందులో ఏ సంఖ్యా అబద్ధం కాదు. ఎవరిని హుతాత్మ అనాలి అన్న నిర్వచనం మారినప్పుడల్లా సంఖ్య మారుతుంది. రాతి మీద చెక్కేటప్పుడు మాత్రం ఏదో ఒక నిర్వచనం దగ్గర ఆగక తప్పదు.

ఇది మనకు తెలియని తగువు కాదు. హైదరాబాద్‌లో అసెంబ్లీ ఎదురుగా గన్‌పార్క్‌లో శిల్పి ఎక్కా యాదగిరిరావు రూపొందించిన తెలంగాణ అమరవీరుల స్థూపం 1969 ఉద్యమంలో పోయినవాళ్ళ కోసం. 369 మంది అని ఉద్యమకారులు చెబుతూ వచ్చారు, అధికారిక లెక్కలు ఎప్పుడూ తక్కువే. రెండు స్మారకాలకూ ఒక చుట్టరికం కూడా ఉంది. రెండిటి వెనకా ఉన్నది 1956 నాటి రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టమే. అక్కడ ఆ చట్టం కలిపి ఉంచిన రెండు భాషలు విడిపోవాలన్నాయి, ఇక్కడ అది కలిపిన ఒకే భాషవాళ్ళు విడిపోవాలన్నారు.

గుజరాత్ వైపు కథ ఇంకా విచిత్రం. విడి గుజరాత్ కావాలన్న ఆందోళన మీద 1956 ఆగస్టులో అహ్మదాబాద్‌లోనూ కాల్పులు జరిగాయి, విద్యార్థులు చనిపోయారు. వాళ్ళ గుర్తుగా 1958లో ఆ ఉద్యమ నాయకుడు ఇందులాల్ యాజ్ఞిక్ ఆధ్వర్యంలో ఒక రాతి స్తంభం నిలబెడితే ప్రభుత్వం తీసేసింది. దాన్ని తిరిగి పెట్టుకోవడం కోసమే నెలల తరబడి సత్యాగ్రహం నడిచింది. స్తంభాన్ని వాళ్ళు 'ఖాంభీ' అంటారు కాబట్టి దాని పేరు ఖాంభీ సత్యాగ్రహం. రాష్ట్రం కోసం మొదలైన పోరాటం కొన్నాళ్ళు ఒక రాయి కోసం సాగింది.

దేవతను ఎందుకు ఉంచారు, గుర్రాన్ని ఎందుకు తీశారు

ఫౌంటెన్ నుంచి దక్షిణంగా మహాత్మాగాంధీ రోడ్డు మీద ఐదారు నిమిషాలు నడిస్తే కాలా ఘోడా. నల్ల గుర్రం అని అర్థం. 1879లో వ్యాపారి ఆల్బర్ట్ ససూన్ బహూకరించిన కంచు విగ్రహం వల్ల ఆ పేరు వచ్చింది. గుర్రం మీద కూర్చున్నది అప్పటి వేల్స్ యువరాజు, తర్వాతి ఏడో ఎడ్వర్డ్ చక్రవర్తి. జనం రౌతును వదిలేసి గుర్రం పేరు పెట్టారు. 1965లో వలస పాలకుల విగ్రహాలు తీసేసే ఊపులో దాన్ని అక్కడి నుంచి తరలించారు. పేరు పోలేదు. ఏటా జరిగే కళోత్సవం కూడా ఆ పేరుతోనే. హైదరాబాద్‌లో ఆబిడ్ దుకాణం పోయినా ఆబిడ్స్ ఉన్నట్టే. చివరికి 2017లో అదే ప్రాంతంలో కొత్త నల్ల గుర్రాన్ని నిలబెట్టారు, ఈసారి మీద ఎవరూ లేకుండా.

రెండు కూడళ్ళనూ పక్కపక్కన పెడితే, ఉంచడానికీ తీయడానికీ మధ్య గీత ఎక్కడ పడిందో తెలుస్తుంది. ఎడ్వర్డ్ ఒక పాలకుడు, కత్తీ టోపీ ఉన్న మనిషి. ఫ్లోరా ఎవరినీ పాలించలేదు. ఫ్రెర్ పేరు నిలిచిపోయి, ఆయన విగ్రహమే ఆ ఫౌంటెన్ మీద ఉండి ఉంటే 1960లలో దాని గతి ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు.

పక్కనే దాదాభాయి నౌరోజీ విగ్రహం ఉంది. దాని జోలికీ ఎవరూ వెళ్ళలేదు. బ్రిటిష్ కాలంలోనే పెట్టినా అది బ్రిటిష్ పాలకుడిది కాదు, వాళ్ళ దోపిడీని లెక్కలతో సహా నిలదీసినవాడిది.

వారసత్వం అనేవాళ్ళు, త్యాగం అనేవాళ్ళు

ఈ అమరికపై మూడు రకాల అభిప్రాయాలు వినిపిస్తాయి. నిర్మాణ వారసత్వం గురించి పట్టించుకునేవాళ్ళు ఫౌంటెన్‌ను ఆ కూడలికి కేంద్రంగా చూస్తారు. చుట్టూ ఉన్న రాతి భవనాలన్నీ దాని వైపు తిరిగి ఉన్నాయి, అన్ని రోడ్ల నుంచీ అది కనపడాలి, పక్కన ఇంకేది లేచినా ఆ చూపుకు అడ్డమే అన్నది వాళ్ళ మాట. ఉద్యమ జ్ఞాపకం మోసేవాళ్ళది దీనికి సరిగ్గా తలకిందుల లెక్క. మనుషులు రక్తం కార్చిన చోట అలంకారం ముందు, ఆహుతి పక్కన అంటే ఎలా? పత్రికలూ టాక్సీలూ ఇప్పటికీ ఫ్లోరా ఫౌంటెన్ అనడం వాళ్ళకు నొప్పి. మూడోవాళ్ళు రోజూ ఆ దారిన పోయేవాళ్ళు. వాళ్ళలో చాలామంది రెండు పేర్లూ వదిలేసి 'ఫౌంటెన్' అంటారు. వాళ్ళ ఫిర్యాదు పేరు గురించి కాదు, రోడ్డు దాటడం గురించి. చౌక్ అంటే దారి అని ముందే అనుకున్నాం కదా.

నా మటుకు, మొదటి వాదనలో ఒక బలహీనత కనిపిస్తుంది. ఫౌంటెన్‌ను పాడుచేసింది పక్కనున్న స్మారకం కాదు. ఏళ్ళ తరబడి దాని మీద పూసిన రంగులే ఆ చెక్కడాన్ని కప్పేశాయి, లోపల నీళ్ళ గొట్టాలు పాడయ్యాయి. పునరుద్ధరణ చేసి ఆ పొరలన్నీ తీశాక, 2019 జనవరిలో మళ్ళీ నీళ్ళు వదిలారు. ఆ పనుల్లోనే నేల తవ్వుతుంటే పాత ట్రామ్ పట్టాలు బయటపడ్డాయి. 1964లో ఆగిపోయిన ట్రామ్‌లవి. వాటికి మాత్రం ఏ గొడవా లేదు, ఎవరి పేరూ లేదు.

రెండో వాదనలోనూ ఒక చిక్కుంది. పేరు మార్చినంతనే జ్ఞాపకం మారదు. హుతాత్మ అనే మాటకు అర్థం తెలియనివాడికి అదీ ఒక బస్టాపే. ముంబైలోనే ఉన్న కామాఠీపురా పేట పేరు అనగానే మన తెలుగు నేల నుంచి వెళ్ళి ఆ నగరంలో ఇళ్ళూ రోడ్లూ కట్టిన కామాఠీ కూలీలు ఎంతమందికి గుర్తొస్తారు? పేరు అక్కడే ఉంది. మనుషులే అందులోంచి జారిపోయారు.

ఇప్పుడైతే ఈ స్మారకం కట్టనిచ్చేవారా

2013 జనవరి 18న సుప్రీంకోర్టు ఒక ఉత్తర్వు ఇచ్చింది. ఇకమీదట రోడ్లు, ఫుట్‌పాత్‌లు, ప్రజలు వాడుకునే ఇతర చోట్లలో విగ్రహాలకు, కట్టడాలకు రాష్ట్ర ప్రభుత్వాలు అనుమతి ఇవ్వకూడదు అన్నది దాని సారం. వీధి దీపాలు, ట్రాఫిక్ పనులు, రోడ్ల సుందరీకరణ లాంటివాటికి మినహాయింపు ఉంది. అంతకుముందే ఉన్నవాటిని తీసేయమని కాదు, కొత్తవి పెట్టొద్దని. మన ఊళ్ళలో కూడలి విగ్రహాల మీద గొడవ వచ్చినప్పుడల్లా లాయర్లు చూపించేది ఈ ఉత్తర్వునే.

దీన్నిబట్టి కాగడా పట్టిన రైతూ కార్మికుడూ ఆ కూడలిలో నిలబడగలిగింది 1960లలో కాబట్టి. ఇవాళ ఎవరైనా అలాంటి దరఖాస్తు పెట్టుకుంటే నడిరోడ్డు మధ్యన చోటు దొరకడం కష్టం. మరి 2017 నాటి రౌతు లేని గుర్రం సంగతేమిటి? విగ్రహమంటే మనిషిదే కావాలా? ఒట్టి గుర్రం సుందరీకరణ కిందికి వస్తుందా? వీధిలో కళకూ విగ్రహానికీ మధ్య గీత గీయడం చూసినంత తేలిక కాదు.

పాత గుర్రం ఎటు పోయిందో చెప్పలేదు. దాన్ని, ఎడ్వర్డ్‌తో సహా, బైకుల్లా జూకు తరలించారు. ఇప్పటికీ అక్కడే ఉంది, పెంగ్విన్‌లను చూడటానికి పిల్లల్ని తీసుకొచ్చే జనం మధ్య. ఆ తోటకు ఇప్పుడు శివాజీ తల్లి జిజాబాయి పేరుంది. పాత పేరు విక్టోరియా గార్డెన్స్. 1864లో పూలదేవతకు ముందు అనుకున్న చోటు అదే.